త్రైరాశికం: పోటీ పరీక్షల గణితానికి ఒక పాత తాళపుచెవి

ఒక గోడగడియారం ఆరు గంటలు కొట్టడానికి, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ వరకు, 30 సెకన్లు పడుతుంది. అదే గడియారం పన్నెండు గంటలు కొట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులలో పలువురు ఈ ప్రశ్నకు తడుముకోకుండా 60 అని జవాబు చెబుతారు. ఆరుకు ముప్పై అయితే పన్నెండుకు అరవై అన్న లెక్కలో గుణకారం తప్పలేదు. అయినా జవాబు తప్పు. ఆరు దెబ్బల నడుమ ఉండే విరామాలు ఐదే. ఐదు విరామాలకు 30 సెకన్లు పట్టినప్పుడు ఒక్కొక్క విరామం 6 సెకన్లు. పన్నెండు దెబ్బల నడుమ పదకొండు విరామాలు ఉంటాయి. కనుక పట్టే కాలం 66 సెకన్లు.

ఈ చిన్న ప్రశ్నలో ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలియని గణితం ఏదీ లేదు. విద్యార్థి పొరబడినది గుణకారంలో కాదు, గుణించిన వస్తువుకు పేరు పెట్టడంలో. దెబ్బలకూ విరామాలకూ గల భేదాన్ని గమనించక ముందే అతని కలం కదిలింది. ప్రవేశ పరీక్షలలోను, ఉద్యోగ నియామక పరీక్షలలోను చిక్కు ప్రశ్నలుగా పేరుపడిన వాటిలో అధికభాగం ఈ జాతికి చెందినవే. వాటి చిక్కు అంకెలలో ఉండదు. అంకెల వెనుకనున్న రాశుల పేర్లలో ఉంటుంది.

రెండు తప్పుల ఖరీదు

ఇటువంటి పొరపాటు ఎంత నష్టం తెస్తుందో తెలుసుకోవడానికి సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షలోని రెండవ పత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. 2011లో ప్రవేశపెట్టిన ఈ పత్రం 2015 నుంచి కేవలం అర్హత పత్రంగా ఉన్నది. 200 మార్కులకు 80 ప్రశ్నలు. వ్యవధి రెండు గంటలు. అంటే ఒక ప్రశ్నకు సగటున ఒకటిన్నర నిమిషం. ప్రతి సరియైన జవాబుకు 2.5 మార్కులు లభిస్తాయి. తప్పు జవాబుకు అందులో మూడవ వంతు, సుమారు 0.83 మార్కు, తగ్గుతుంది. అర్హతకు 33 శాతం, అనగా 66 మార్కులు రావాలి.

ఒక అభ్యర్థి 27 ప్రశ్నలకు సరియైన జవాబులు గుర్తించి తక్కినవి వదిలివేస్తే అతనికి 67.5 మార్కులు వస్తాయి, అర్హత లభిస్తుంది. అదే అభ్యర్థి మరి రెండు ప్రశ్నలకు తొందరపడి తప్పు జవాబులు గుర్తించినాడనుకుందాం. 1.67 మార్కులు పోయి 65.83 మిగులుతాయి. చరిత్రలో, రాజ్యాంగంలో, అర్థశాస్త్రంలో అతను ఎంత శ్రమించినా, ఆ సంవత్సరానికి అతని ప్రయత్నం అక్కడితో ముగిసినట్లే. గడియారపు దెబ్బలను లెక్కించి విరామాలను మరచిన పొరపాటు వంటివి రెండు చాలు.

కనుక అభ్యర్థికి కావలసినది కొత్త సూత్రాల మూట కాదు. కలం కదలడానికి ముందు రాశులకు పేర్లు పెట్టే అలవాటు. ఆ అలవాటును నేర్పే పద్ధతి మన దేశంలో కనీసం పదిహేను శతాబ్దాలుగా ఉన్నది. దాని పేరు త్రైరాశికం.

దేశమంతటి ఉమ్మడి సొత్తు

ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో రచించిన ఆర్యభటీయంలోని గణితపాదంలో త్రైరాశిక సూత్రం కనిపిస్తుంది. తెలిసిన రాశి ప్రమాణం. దానివలన లభించేది ఫలం. ఫలం తెలుసుకొనదలచిన రాశి ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. నేటి పాఠశాలలలో బోధించే ఏకవస్తు మార్గం దీని రూపాంతరమే.

క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతాన్ని రచించిన బ్రహ్మగుప్తుడు ఈ సూత్రానికి ఒక ముఖ్యమైన నియమాన్ని స్పష్టం చేసినాడు. మొదట ఉండే ప్రమాణం, చివర ఉండే ఇచ్ఛ ఒకే జాతి రాశులై ఉండాలి. ఫలం నడుమ ఉండాలి. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో కన్నడ దేశానికి చెందిన జైన పండితుడు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహాన్ని రచించినాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథాలలో ఒకటిగా దానిని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు.

సహ్యాద్రి ప్రాంతానికి చెందిన భాస్కరాచార్యుడు క్రీ.శ. 1150లో రచించిన లీలావతిలో త్రైరాశికానికి విశిష్ట స్థానం ఉన్నది. గణితంలో అధికభాగం త్రైరాశికం చేతనే వ్యాపించి ఉన్నదని అతని అభిప్రాయం. ఆ లీలావతిని 1587లో అక్బరు ఆస్థాన కవి ఫైజీ పారసీక భాషలోకి అనువదించినాడు. ఈ విధంగా సంస్కృతం, తెలుగు, పారసీకం మొదలైన భాషలలో పలు మతాలకు, పలు ప్రాంతాలకు చెందిన విద్వాంసులు ఒకే గణిత సంపదను చేతులు మార్చుకుంటూ కాపాడినారు. ధాన్యం కొలిచే రైతుకు, సరుకు అమ్మే వర్తకునికి, కూలి లెక్కకట్టే అధికారికి ఇది నిత్యావసరం. పద్ధతి అన్ని ప్రాంతాలలోనూ నిలవడానికి అదే కారణం.

మూడు గడులు, మూడు పేర్లు

త్రైరాశికంలోని బలం గుణకార భాగహారాలలో లేదు. లెక్క చేయడానికి ముందే విద్యార్థి మూడు రాశులనూ వేరు వేరు గడులలో వ్రాసి, వాటి జాతిని పరీక్షించవలసి రావడమే దాని బలం.

మొదటి ఉదాహరణను ఈ పద్ధతిలో వ్రాసి చూడవచ్చును. విద్యార్థి తొందరలో ప్రమాణం 6, ఫలం 30, ఇచ్ఛ 12 అని అంకెలు మాత్రమే వ్రాస్తే మోసపోతాడు. ప్రతి అంకె ప్రక్కన దాని పేరు కూడా వ్రాయవలసి వచ్చినప్పుడు, 30 సెకన్లు దేనికి పట్టిన కాలం అన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. కాలం గడిచేది దెబ్బల నడుమ. కనుక ప్రమాణం 5 విరామాలు, ఫలం 30 సెకన్లు, ఇచ్ఛ 11 విరామాలు. ముప్పైని పదకొండుతో గుణించి ఐదుతో భాగిస్తే 66 వస్తుంది. దుంగను కోయడం, రహదారి వెంట దీపస్తంభాలు నాటడం వంటి ప్రశ్నలలో దాగిన మెలిక కూడా ఇదే. ఒక దుంగను నాలుగు ముక్కలు చేయడానికి మూడు కోతలు చాలు.

పెరిగితే తగ్గేవి

పేర్లు పెట్టిన తరువాత వేసుకోవలసిన రెండవ ప్రశ్న: ఇచ్ఛ పెరిగితే ఫలం పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గే సందర్భాలకు ప్రాచీనులు వ్యస్త త్రైరాశికం అని పేరు పెట్టినారు. లీలావతి ఇందుకు చూపే సందర్భాలలో ధాన్యరాశిని కొలిచే విషయం ఒకటి. ఒక రాశి 6 లీటర్ల పాత్రతో కొలిస్తే 20 మార్లు వచ్చినదనుకుందాం. 8 లీటర్ల పాత్రతో కొలిస్తే మార్లు పెరగవు, తగ్గుతాయి. మొత్తం 120 లీటర్లు గనుక 15 మార్లు వస్తుంది. నేరు త్రైరాశికం అనుకొని లెక్క కట్టిన విద్యార్థికి 26 మార్లకు పైగా వస్తుంది. పాత్ర పెద్దదైతే మార్లు ఎక్కువ కావడం సాధ్యమా అని ఒక్క క్షణం ఆలోచించినవాడు ఆ తప్పు చేయడు.

పని, కాలం, మనుషులకు సంబంధించిన ప్రశ్నలలో చాలా ఈ కోవకు చెందినవే. పరీక్షలలో తరచు కనిపించే తీరులో ఒకటి చూడవచ్చును:

12 మంది కూలీలు ఒక గోడను 15 రోజులలో కట్టగలరు. 5 రోజులు పనిచేసిన తరువాత ఇద్దరు మానివేసినారు. మిగిలినవారు పని పూర్తిచేసినారు. గోడ కట్టడానికి మొత్తం ఎన్ని రోజులు పట్టినది? జవాబులు: 12, 15, 17, 18.

ఇక్కడ రాశికి సరియైన పేరు ‘మనిషి-దినం’. ఒక మనిషి ఒక రోజు చేసే పని అన్నమాట. మొత్తం పని 12 × 15 = 180 మనిషి-దినాలు. మొదటి 5 రోజులలో పూర్తయినది 60. మిగిలినది 120. పదిమంది దానిని 12 రోజులలో ముగిస్తారు. విద్యార్థి ఇంతవరకు ఒక్క తప్పు చేయకుండా వచ్చి, కాగితం మీద 12 కనబడగానే జవాబులలో మొదటిదైన 12ను గుర్తిస్తాడు. అడిగినది మొత్తం రోజులు. జవాబు 5 + 12 = 17.

ప్రశ్నపత్రం కూర్చేవారు 12ను జవాబులలో చేర్చడం యాదృచ్ఛికం కాదు. దారిలో మధ్యన ఆగేవారి కోసం దానిని అక్కడ ఉంచుతారు. మొదటినుంచి పదిమందే పనిచేసినారని భావించేవారి కోసం 18ని ఉంచుతారు. అందుచేత ఇచ్ఛ గడిని చివర కాక, అన్నిటికంటే ముందు నింపడం మేలు. ‘కావలసినది: మొత్తం రోజులు’ అని మొదటే వ్రాసుకున్న విద్యార్థి పన్నెండు వద్ద ఆగడు.

‘కంటే’ అన్న మాట చెప్పే రహస్యం

శాతాల ప్రశ్నలలో ప్రమాణం ఎల్లప్పుడూ 100. అయితే ఆ నూరు ఎవరి నూరు అన్నది తేల్చుకోవడంలోనే చిక్కు ఉన్నది.

రహీము జీతం గోపాలం జీతం కంటే 25 శాతం ఎక్కువ. గోపాలం జీతం రహీము జీతం కంటే ఎంత శాతం తక్కువ? చాలమంది 25 అనే అంటారు. మొదటి వాక్యంలో నూరు గోపాలం జీతం, రహీముది 125. రెండవ వాక్యంలో నూరుగా తీసుకోవలసినది రహీము జీతం. 125లో 25 తక్కువైనప్పుడు నూటికి 20 తక్కువ. కనుక జవాబు 20 శాతం.

ఇక్కడ మన భాషలు విద్యార్థికి ఒక సహాయం చేస్తున్నవి. తెలుగులో ‘కంటే’ అన్న మాటకు ముందు ఏది నిలుస్తుందో అదే నూరు. హిందీలో ‘సే’ అన్న విభక్తికి ముందున్నది, మరాఠీలో ‘పేక్షా’కు ముందున్నది, తమిళంలో ‘విడ’కు ముందున్నది కూడా అదే పని చేస్తుంది. ఆర్యభాషలని, ద్రావిడభాషలని వేరుగా వర్గీకరించిన భాషలు పోలికను చెప్పే తీరులో మాత్రం ఒకే బాటలో నడుస్తున్నవి. ఇంగ్లీషులో పోలిక మాట ముందు వచ్చి, నూరుగా తీసుకోవలసిన రాశి దాని తరువాత వస్తుంది. ఇంగ్లీషు ప్రశ్నను చదివే తెలుగు విద్యార్థి మనసులో దానిని ఒకసారి తెలుగు వాక్యంగా మార్చుకొని, ‘కంటే’ ముందున్న పేరు క్రింద గీత గీసుకుంటే పొరపాటుకు అవకాశం తగ్గిపోతుంది.

2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ పరీక్షను హిందీ, ఇంగ్లీషులతోపాటు తెలుగుతో సహా 13 భారతీయ భాషలలో తొలిసారిగా నిర్వహించినది. ప్రశ్న మాతృభాషలో ఉన్నంత మాత్రాన లెక్క సులభమైపోదు. కాని, రాశికి పేరు పెట్టే పని భాషలో జరిగే పని గనుక, ఆ మొదటి మెట్టు వద్ద గ్రామీణ విద్యార్థికి పట్టణ విద్యార్థితో సమానమైన స్థానం లభించడం చిన్న విషయం కాదు.

నూరు మారిపోయే మరొక సందర్భం కూడా గమనింపదగినది. ఒక వస్తువు ధర 20 శాతం పెరిగి, ఆ తరువాత 20 శాతం తగ్గితే ధర మొదటికి వచ్చినట్లు తోస్తుంది. నూరు 120 అయినది; తగ్గిన 20 శాతం 120 మీద లెక్కించవలసినది గనుక తగ్గుదల 24. మిగిలినది 96. మొత్తం మీద ధర 4 శాతం పడిపోయినది.

సరాసరిలోని మోసం

ఒక బస్సు ఒక ఊరి నుంచి మరొక ఊరికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిన గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చినది. మొత్తం ప్రయాణంలో సరాసరి వేగం ఎంత?

నలభైకి, అరవైకి సరాసరి యాభై అనిపించడం సహజం. ఇక్కడ కూడా పేరు అడగవలసి ఉన్నది. వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించగా వచ్చేది. దూరం ఇవ్వలేదు గనుక అనువైన సంఖ్య ఎన్నుకోవచ్చును. 40, 60 రెంటికీ క.సా.గు. 120. ఊళ్ళ నడుమ 120 కిలోమీటర్లు అనుకుంటే వెళ్ళడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. సరాసరి వేగం గంటకు 48 కిలోమీటర్లు.

బస్సు తక్కువ వేగంతో ఎక్కువ కాలం నడిచినది. అందువలన సరాసరి నలభై వైపు మొగ్గినది. ఒక్కొక్క వేగంతో సమాన దూరం కాక సమాన కాలం నడిచి ఉంటే యాభై సరియైన జవాబే అయ్యేది. ఈ భేదాన్ని గ్రహించినవాడు సూత్రాన్ని కంఠస్థం చేయనక్కరలేదు. మరచిపోతానన్న భయమూ ఉండదు.

లెక్క చేయకుండానే తేల్చుకోవడం

రాశుల స్వభావం తెలిసినవాడు కొన్ని జవాబులను లెక్క చేయకుండానే తొలగించగలడు. గోడ కట్టిన ప్రశ్నకే మరల వెళితే, ఇద్దరు మానివేసినారు గనుక మొత్తం కాలం 15 రోజుల కంటే ఎక్కువ కావాలి. మొదటినుంచి పదిమందే ఉన్నా 18 రోజులు చాలును. మొదటి ఐదు రోజులు పన్నెండు మంది పనిచేసినారు గనుక 18 కంటే తక్కువ కావాలి. పదిహేనుకూ పద్దెనిమిదికీ నడుమ ఇచ్చిన జవాబు పదిహేడు ఒక్కటే. అర నిమిషంలో ప్రశ్న తేలిపోయినది.

తొలగించడానికి గల విలువను కూడా లెక్క కట్టవచ్చును. పైన చెప్పిన పత్రంలో నాలుగు జవాబులలో ఒకదానిని గుడ్డిగా గుర్తించేవానికి సగటున నాలుగింట ఒకటి సరిపోతుంది. వచ్చేది 2.5, మూడు తప్పులకు పోయేది 2.5. మిగిలేది సున్న. ఒక జవాబును నిశ్చయంగా తొలగించి మిగిలిన మూడింటిలో ఎన్నుకుంటే, అటువంటి మూడు ప్రశ్నలకు సగటున 2.5 వచ్చి 1.67 పోతుంది, 0.83 లాభం. రెండు జవాబులను తొలగించగలిగితే రెండు ప్రశ్నలకు 1.67 లాభం. ఇది సగటు లెక్క మాత్రమే. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రోజున ఫలితం భిన్నంగా ఉండవచ్చును. అయినా నీతి స్పష్టమే. కారణం చెప్పగలిగిన తొలగింపు అభ్యర్థికి మేలు చేస్తుంది. కారణం లేని ఊహ మేలు చేయదు. అర్హత అంచున ఉన్నవానికి కీడు చేయవచ్చును.

తప్పుల పుస్తకం

ఈ అలవాటు పరీక్షకు ముందు వారంలో అలవడేది కాదు. దినానికి యాభై లెక్కలు చేసి జవాబులు సరిచూసుకొని పేజీ తిప్పేవాని కంటే, పది లెక్కలు చేసి తప్పిన రెండింటినీ పరిశీలించేవాడు ఎక్కువ నేర్చుకుంటాడు. అందుకు వేరుగా ఒక నోటుపుస్తకం పెట్టుకొని, తప్పిన ప్రతి లెక్కకు మూడు విషయాలు వ్రాసుకోవాలి. ప్రశ్న అడిగినది ఏది? విద్యార్థి కనుగొన్నది ఏది? ఏ రాశికి తప్పు పేరు పెట్టడం వలన తేడా వచ్చినది? కొన్ని వారాలు గడిచిన తరువాత ఆ పుస్తకం తిరగవేస్తే, తప్పులు వందలుగా ఉన్నా వాటి రకాలు మూడో నాలుగో అని తేలుతుంది. విరామాలకు బదులు దెబ్బలు, మొత్తానికి బదులు మిగిలినది, ఒకరి నూరుకు బదులు మరొకరి నూరు. తన తప్పుల రకాలు తెలిసిన విద్యార్థికి కొత్త ప్రశ్న కూడా పాత పరిచయస్థుని వలె కనిపిస్తుంది.

మిత్రులు ఇద్దరు ముగ్గురు కలిసి చదివేచోట, ఒకరు కలం పట్టకుండా ప్రశ్నలోని రాశుల పేర్లు మాత్రమే నోటితో చెప్పడం, మరొకరు వాటిని పరీక్షించడం మంచి అభ్యాసం. పేర్లు సరిగా చెప్పగలిగిన తరువాతనే లెక్క చేయాలి. మొదట ఇది నెమ్మదిగా సాగుతున్నట్లు అనిపిస్తుంది. క్రమంగా పేరు పెట్టడానికి పట్టే కాలం కొన్ని సెకన్లకు దిగుతుంది. తప్పుదారిన పోయి తిరిగి వచ్చే నిమిషాలు మిగులుతాయి.

పరీక్ష గదిలో విద్యార్థి ప్రక్కన గురువు ఉండడు, పుస్తకం ఉండదు. ఒక చిత్తుకాగితం, కొద్దిపాటి సమయం మాత్రమే ఉంటాయి. ఆ కాగితం పైన మొదట వ్రాయవలసినవి అంకెలు కావు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అన్న మూడు పేర్లు. అవి సరిగా కుదిరినచోట మిగిలినది గుణకారం, భాగహారం. అవి అతను చిన్ననాడే నేర్చుకున్నాడు.